పోర్చుగల్ బంగారు నాణెం మీద కిరీటం పెట్టిన 4000: ఈ ముద్ర ఎవరిది?

లిస్బన్_వాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా లిస్బన్‌లో ఉంటున్నాను. నాణేల పిచ్చి మా తాతయ్య నుంచి వచ్చింది. నా దగ్గర ఉన్నవన్నీ రాగి, వెండి. బంగారం జోలికి ఎప్పుడూ పోలేదు.

పోయిన శనివారం ఇక్కడ ఒక వేలంపాటకి ముందు నాణేలు చూసుకోనిచ్చే రోజున వెళ్లాను. నాలుగో జోవావ్ రాజు కాలపు బంగారు నాణెం ఒకటి చేతిలో పెట్టారు. పేరు 4 క్రుజాదోలు. తూకం 12 గ్రాముల పైచిలుకు, అంటే మన కాసున్నర. సుత్తితో కొట్టిన నాణెం కాబట్టి గుండ్రం సరిగ్గా కుదరలేదు. ఒకవైపు కిరీటం పెట్టిన పోర్చుగల్ డాలు, ఇంకోవైపు శిలువ.

డాలు పక్కన చిన్న గుంట ఉంది. అందులో 4000 అనే అంకె, దాని నెత్తిన బుల్లి కిరీటం. నాణెం మొత్తం చేతులు మారి మారి నునుపెక్కింది గానీ ఆ అంకె మాత్రం నిన్న కొట్టినంత పదునుగా ఉంది. ఫోటో తీయనివ్వలేదు, అందుకే మాటల్లో చెబుతున్నాను.

నా సందేహం ఇది. క్రుజాదో అంటే 400 రెయిస్ (అప్పటి పోర్చుగల్ డబ్బు లెక్క) అని చదువుకున్నాను. నాలుగు క్రుజాదోలంటే 1600 కావాలి. మరి ఈ 4000 ఎక్కడి నుంచి వచ్చింది? నాణెం పాడైనట్టా, లేక విలువ పెరిగినట్టా?

పాతకాసు_గుంటూరు

షరాబు గుర్తు అయి ఉంటుందండీ. మన వరహాల మీద, మొగలుల రూపాయల మీద షరాబులు చిన్న చిన్న గుర్తులు కొట్టేవారు కదా, బంగారం నిక్కమా కాదా చూశాం అని చెప్పడానికి. వ్యాపారంలో తిరిగిన నాణెం అయితే అక్కడి షరాబులు కూడా అలాంటిదే కొట్టి ఉంటారు.

టంకశాల

పాతకాసు గారూ, ఈసారి అది కాదండీ. షరాబు గుర్తు చుక్క, నెలవంక, పువ్వు, అక్షరం లాంటిది ఉంటుంది. తనకి, తన తోటివాళ్లకి తెలిస్తే చాలు అన్నట్టు కొడతాడు. కిరీటం పెట్టి అంకె వేసే ధైర్యం ఏ షరాబుకీ ఉండదు. కిరీటం ఉందంటే అది రాజాజ్ఞ. ఇది ప్రభుత్వం కొట్టిన కౌంటర్‌మార్క్, అంటే అప్పటికే చెలామణిలో ఉన్న నాణెం మీద తర్వాత వేసిన ముద్ర. పోర్చుగీసువాళ్లు కరింబో అంటారు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1580లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పోర్చుగల్‌ని కలిపేసుకున్నాడు. అరవై ఏళ్లు అలాగే నడిచింది. 1640 డిసెంబరు 1న లిస్బన్‌లో తిరుగుబాటు జరిగి బ్రగాంజా వంశపు జోవావ్ రాజయ్యాడు. స్పెయిన్ ఊరుకోలేదు. 1668లో సంధి కుదిరేదాకా, అంటే దాదాపు 28 ఏళ్లు, యుద్ధం సాగింది. అంతకాలం సైన్యానికి జీతాలివ్వాలి, ఫిరంగులు కొనాలి. ఖజానా ఖాళీ.

మీరు పట్టుకున్న నాణెం 1642లో మొదలైన రకం. 22 క్యారెట్లు, మన నగల బంగారం లాంటిదే. పేరు పాతదే ఉంచారు, 4 క్రుజాదోలని. చెల్లుబాటు మాత్రం మొదటి రోజు నుంచే 3000 రెయిస్. క్రుజాదో అనే మాట అప్పటికి రెండు ముక్కలైపోయింది. లెక్కల పుస్తకంలో అది 400 రెయిస్‌గానే ఉండిపోయింది, బంగారంలో మాత్రం ఎప్పుడో దాటిపోయింది. మీ లెక్క కుదరకపోవడానికి కారణం అదే.

1646లో అదే నాణేన్ని 3500 చేశారు. జోవావ్ కొడుకు ఆరవ అఫోన్సో కాలంలో, 1660ల మొదట్లో, 4000 చేశారు. బంగారం ఒక్క గ్రాము పెరగలేదు. ఆ మూడో ధర గుర్తే మీరు చూసిన 4000.

వరహా_విశాఖ

టంకశాల గారూ, 1660ల్లోనే ఎందుకు? యుద్ధం 1640 నుంచీ ఉంది కదా.

టంకశాల

మంచి ప్రశ్న. ఆ రెండు మూడేళ్లలో ఖర్చులన్నీ ఒక్కసారే నెత్తిన పడ్డాయి. 1661లో డచ్చివాళ్లతో సంధి చేసుకున్నారు. బ్రెజిల్ మీద వాళ్ల దావా వదులుకున్నందుకు 40 లక్షల క్రుజాదోలు వాయిదాల్లో ఇస్తామని ఒప్పుకున్నారు. 1662లో జోవావ్ కూతురు కాతరీనాకి ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌తో పెళ్లి. కట్నం 20 లక్షల క్రుజాదోలు, దాంతోపాటు టాంజియర్, మన బొంబాయి. బొంబాయి ఇంగ్లీషువాళ్ల చేతికి పోవడానికి కారణమైన పెళ్లి అదే. మరోపక్క స్పెయిన్ సైన్యం సరిహద్దు మీద ఉంది. 1663లో వెండి నాణేల మీద కూడా ఇదే పని చేశారు. 400 రెయిస్ వెండి క్రుజాదో మీద 500 అని, 200 దాని మీద 250 అని కిరీటంతో సహా కొట్టారు.

నాణేలన్నీ వెనక్కి తెప్పించి, కరిగించి, మళ్లీ పోత పోసి కొట్టాలంటే నెలలు పడుతుంది. బొగ్గు, కూలీలు, తరుగు, అన్నీ ఖర్చే. ముద్రకి కావలసింది ఒక ఉక్కు అచ్చు, ఒక సుత్తి, ఒక మనిషి. పైగా ముద్ర కోసం తెచ్చిన నాణెం మీద పెరిగిన విలువలో ఖజానా వాటా తీసుకోవచ్చు. యూరప్ రాజులకి ఈ పద్ధతి మీద అంత మోజు కలగడానికి కారణం ఆ వాటానే.

వరహా_విశాఖ

అకౌంట్స్ మనిషిని కాబట్టి నేనూ ఒక లెక్క వేసి చూశాను.

ఒకాయన ఇంకొకరికి 28,000 రెయిస్ బాకీ ఉన్నాడనుకుందాం. నాణెం 3500 ఉన్నప్పుడు 8 నాణేలు ఇస్తే బాకీ తీరుతుంది. 4000 అయ్యాక 7 ఇస్తే చాలు. అప్పిచ్చినాయన చేతికి ఒక నాణెం, అంటే కాసున్నర బంగారం, తక్కువ వస్తుంది. పత్రం మీద అంకె మారలేదు, మాట తప్పినవాళ్లు ఎవరూ లేరు. అయినా బంగారం పోయింది. ఈ లెక్క వేసేదాకా నాకు ఆ చిన్న ముద్ర బరువు అర్థం కాలేదు.

కృష్ణాతీరం

ఇది పచ్చి మోసం కదండీ! రాజే దొంగ నాణెం చేసినట్టు. బంగారం పెంచకుండా అంకె పెంచడం ఏం న్యాయం?

రేఖ_ఆమ్‌స్టర్‌డామ్

కృష్ణాతీరం గారూ, మీ కోపం న్యాయమే, కానీ బంగారం విషయంలో పూర్తిగా అలా అనలేం. రాగి కథ వేరు. స్పెయిన్‌లో 1603లో మూడో ఫిలిప్ రాగి నాణేల మీద రెట్టింపు అంకె కొట్టించాడు. 1636లో, 1641లో, 1651లో మళ్లీ మళ్లీ కొట్టించారు. ఒక్కో నాణెం మీద నాలుగైదు ముద్రలు పడి అసలు బొమ్మ కనపడకుండా పోయింది. దాన్ని మోసం అంటే నేను కాదనను, ఎందుకంటే ఆ రాగికి ఆ అంకె ఎన్నడూ తగదు.

బంగారానికి పొరుగుదేశంలో కూడా ధర ఉంటుంది. లిస్బన్‌లో వెండితో పోలిస్తే బంగారానికి తక్కువ రెయిస్ కట్టారనుకోండి. వ్యాపారి ఆ బంగారాన్ని ఓడెక్కించి ఆమ్‌స్టర్‌డామ్‌కో లండన్‌కో పంపేస్తాడు. దేశంలో బంగారం నిలవాలంటే ధర పెంచక తప్పదు. కాబట్టి ఆ 4000 వెనక రాజు అవసరం సగం, మార్కెట్ ఒత్తిడి సగం.

కౌంటర్‌మార్క్ పడిన బంగారం వెండి, రాగి కంటే చాలా తక్కువగా దొరకడం కూడా ఇందుకే. రాగి నాణెం సంతలో అంకె చూసుకుని చెల్లుతుంది. బంగారు నాణెం త్రాసులో పడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారికి లిస్బన్ రాజు 4000 అన్నా 40,000 అన్నా ఒకటే, అతను తూచి, వన్నె చూసి తన ధర కడతాడు. ఆ ముద్ర మాట రాజ్యం సరిహద్దు దాకానే చెల్లుతుంది.

కృష్ణాతీరం

వివరంగా చెప్పారు రేఖ గారూ. పొరుగుదేశం ధర సంగతి నాకు తట్టలేదు. అయినా ఆ అప్పిచ్చినాయన ఏం పాపం చేశాడన్నది మాత్రం నాకు మిగిలే ఉంది.

గీటురాయి_ప్రొద్దుటూరు

తమ్ముడూ లిస్బన్, నేను నాణేలు దాచుకునేవాణ్ని కాదు. పనివాణ్ని. మూడు తరాలుగా బంగారం పనే. కొడితే బంగారం ఏం చేస్తుందో చెబుతాను, నీకు పనికొస్తుంది.

22 క్యారెట్ల బంగారం మెత్తన. దాగలి మీద పెట్టి, పైన అచ్చు నిలబెట్టి, ఒకే ఒక్క దెబ్బ వేయాలి. రెండో దెబ్బ వేస్తే అచ్చు కదిలి అంకె జంటగా పడుతుంది. దెబ్బ పడినచోట బంగారం ఎక్కడికీ పోదు, పక్కకి జరుగుతుంది. అందుకే గుంట చుట్టూ సన్నని ఒడ్డు లేస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఇక నాణెం కింద వైపు, సరిగ్గా ఆ గుంటకి వెనకాల, బొమ్మ అణిగి చదునవుతుంది. దాగలి గట్టిది కాబట్టి అక్కడి అక్షరాలు నలిగిపోతాయి.

నువ్వు చూసిన నాణెంలో 4000కి వెనకాల శిలువ వైపు ఎలా ఉంది? చదును ఉంటే మంచిదే. వెనక అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండి ముందు మాత్రం గుంట ఉంటే అది పోతపోసినదో, గీకి చెక్కినదో అయ్యుంటుంది. చెక్కితే బంగారం పోతుంది, కొడితే జరుగుతుంది. భూతద్దం పెడితే గుంట అడుగున పాత బొమ్మ గీతలు నలిగి కనిపించాలి, తెగినట్టు కనిపించకూడదు.

లిస్బన్_వాసి

అన్నా, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. వెనక వైపు నేను చూడలేదు. వేలం వచ్చే గురువారం. బుధవారం ఇంకోసారి చూడనిస్తారు. భూతద్దం తీసుకుని వెళతాను.

నాణెం_నేస్తం

ఇదే దారంలో నా అనుభవం కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తే చాలు. రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రష్యా ఎఫీమోక్ కొన్నాను. 1655లో జార్ అలెక్సీ పడమటి దేశాల వెండి థేలర్ల మీద రెండు ముద్రలు కొట్టించాడు. ఒకటి గుర్రపు రౌతు, రెండోది 1655 అనే సంవత్సరం. ఒక్కోటి 64 కోపెక్కులకి చెల్లాలని ఆజ్ఞ.

వచ్చిన నాణెం ఎంత ముద్దొచ్చిందంటే వారం రోజులు రోజూ తీసి చూసుకున్నాను. ఎనిమిదో రోజు థేలర్ అంచున ఉన్న సంవత్సరం చదివాను. 1658. మూడేళ్ల తర్వాత పుట్టిన నాణెం మీద 1655 ముద్ర ఎలా పడుతుంది? థేలర్ అసలుదే, ముద్ర ఈ కాలంలో ఎవరో కొట్టింది. డబ్బు వెనక్కి రాలేదు. ఆ టెన్షన్‌లో నెలరోజులు పెట్టె తెరవలేదు.

అప్పటి నుంచి ముందు మూల నాణెం సంవత్సరం చూస్తున్నాను, తర్వాతే ముద్ర. ఇంకో మాట. ముద్ర కంటే నాణెం ఎక్కువ అరిగి ఉండాలి. నాణెం కొత్తగా మెరుస్తూ ముద్ర అరిగిపోయి ఉంటే ఆగి ఆలోచించాలి. లిస్బన్ గారి నాణెం ఆ విషయంలో సరిగ్గానే ఉంది.

పాతకాసు_గుంటూరు

నా మొదటి జవాబు తప్పని ఒప్పుకుంటున్నాను, నేర్చుకున్నాను. ఒక ప్రశ్న. కౌంటర్‌మార్క్ అంటే ఎప్పుడూ ధర పెంచడానికేనా?

టంకశాల

కాదండీ. తగ్గించడానికీ ఉంది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్ కాలంలో వెండిలో రాగి కలిపి షిల్లింగులు పాడుచేశారు. ఎలిజబెత్ రాణి 1560లో ఎడ్వర్డ్ కాలపు కల్తీ షిల్లింగుల్ని రెండు రకాలుగా వేరు చేయించింది. కాస్త మెరుగైన వాటి మీద కోట తలుపు జాలీ గుర్తు, అవి నాలుగున్నర పెన్నీలు. మరీ నాసిరకం వాటి మీద వేటకుక్క గుర్తు, అవి రెండుంపావు పెన్నీలు. చదువు రానివాడు కూడా కుక్క బొమ్మ చూస్తే తెలుసుకుంటాడు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చుతుంది.

రాజ్యం నాది అని చెప్పడానికి కొట్టిన ముద్రలూ ఉన్నాయి. 1580లో ఫిలిప్ లిస్బన్‌ని పట్టుకున్నాక, సింహాసనం నాదేనన్న డొమ్ అంతోనియో పక్షం అసోరెస్ దీవుల్లో తెర్సేరా అనే దీవిని 1583 దాకా నిలబెట్టుకుంది. అక్కడ చేతికందిన నాణేల మీద, బంగారం, వెండి రెండింటి మీదా, డేగ బొమ్మ కొట్టి ధర పెంచారు. పోర్చుగీసులో అసోర్ అంటే డేగ. చుట్టూ సముద్రం, ఎదురుగా స్పెయిన్ ఓడలు, గనులు లేవు, కొత్త బంగారం వచ్చే దారి లేదు. ఉన్న కాసులనే పెంచి చూపించాలి. ఆ డేగ ముద్ర నాణేన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకోవాలని నాకు ఇరవై ఏళ్ల కోరిక.

మూడో రకం భరోసా ముద్ర. లిస్బన్ గారికి అది అవసరం పడొచ్చు కాబట్టి చెబుతున్నాను. సుత్తి నాణెం అంచు వంకరగా ఉంటుంది. కత్తెరతో కాస్త కత్తిరించుకున్నా ఎవరికీ తెలియదు. పోర్చుగల్‌లో ఈ కత్తిరింపు రోగం బాగా ముదిరింది. 1680ల రెండో సగంలో అఫోన్సో తమ్ముడు పెద్రో రాజు పాత నాణేలని తెప్పించి, అంచుకి కొత్త వరస వేయించి, దగ్గరలో కిరీటం పెట్టిన గోళం ముద్ర కొట్టించాడు. ఆకాశ గోళం చట్రం అది, ఒకటో మాన్యుయెల్ కాలం నుంచి పోర్చుగల్ రాజుల గుర్తు. ఈ ముద్రకి ధరతో పని లేదు. ఇక కత్తిరిస్తే దొరికిపోతారు అని చెప్పడానికే.

రేఖ_ఆమ్‌స్టర్‌డామ్

మా ఊళ్లో కూడా భరోసా ముద్రలు కనిపిస్తాయి. 1693లో డచ్ రాష్ట్రాలు 28 స్టైవర్ల వెండి ఫ్లోరిన్లని పరీక్షించి, మంచివాటి మీద తమ పేరు పొడి అక్షరాల్లో కొట్టాయి. హాలండ్ అయితే HOL అని. ముద్ర లేనిదాన్ని తక్కువకి తీసుకునేవారు.

బంగారంలో డచ్చివాళ్ల ముద్ర అంటే నాకు గుర్తొచ్చేది యూరప్‌లో పడింది కాదు, బటావియాలో (ఇప్పటి జకార్తా) పడింది. డచ్ ఈస్టిండియా కంపెనీ నాగసాకి నుంచి జపాన్ బంగారు కోబన్లు తెచ్చేది. అవి కోలగా, పలచగా, అరచేతిలో సగం పట్టేంత ఉంటాయి. వాటిలో చాలా భాగం మన కోరమాండల్ తీరానికి వచ్చేవి, ఇక్కడి గుడ్డలు కొనడానికి. కరిగి వరహాలైపోయేవి. బటావియాలో చెల్లడానికి ఉంచిన వాటి మీద 1690లో సింహం ముద్ర కొట్టారు. మచిలీపట్నం, పులికాట్ నుంచి ఓడెక్కిన కలంకారీల వెనక ఆ జపాన్ బంగారం ఉందని తెలిసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది.

కృష్ణాతీరం

మచిలీపట్నం మా అమ్మమ్మగారి ఊరు. ఇది నాకు కొత్త సంగతి. ధన్యవాదాలు.

ఫ్రాన్సువాళ్లు కూడా బంగారం మీద ఇలా చేశారా?

టంకశాల

వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. పద్నాలుగో లూయీ 1690, 1693, 1701, 1704లలో లూయీ దోర్ బంగారు నాణేలని వెనక్కి తెప్పించి, కరిగించకుండానే, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పూర్తిగా అచ్చు వేయించాడు. అప్పుడు కూడా యుద్ధఖర్చులే కారణం. తక్కువ ధరకి తీసుకుని ఎక్కువ ధరకి ఇచ్చారు. ఇప్పుడు ఆ నాణేన్ని వాలుగా వెలుతురులో తిప్పితే రాజు ముఖం కింద పాత అక్షరాల తోకలు కనిపిస్తాయి. లాభం మొత్తం అచ్చులోనే ఉందని అందరికీ తెలుసు కాబట్టి సరిహద్దు అవతల దొంగ అచ్చులు పుట్టాయి. బంగారం నిక్కమే, తూకం సరే, అచ్చు ఒక్కటే దొంగది. అలాంటి దొంగతనం ఇంకే లోహంలోనూ అంత వింతగా ఉండదు.

వరహా_విశాఖ

మరి పోర్చుగల్‌లో 4000 తర్వాత ఏమైంది? 5000 కొట్టారా?

టంకశాల

అదే నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు. పెద్రో కాలంలో లిస్బన్ టంకశాలకి మర వచ్చింది, 1670ల చివర్లో. మరతో కొట్టిన మోయెదా అనే కొత్త బంగారు నాణెం పది గ్రాముల ముప్పావు ఉంటుంది, ఇప్పుడు మనం పది గ్రాములుగా లెక్కేసే తులం కంటే కొంచెం ఎక్కువ. దాని మీద 4000 అని అచ్చులోనే ఉంటుంది. 1688లో ధరలు నూటికి 20 పెంచారు. నాణెం 4800 అయింది. ఈసారి దాని మీద 4800 అని ముద్ర కొట్టలేదు. అచ్చు కూడా మార్చలేదు. ఆ తర్వాత 1720ల దాకా, బ్రెజిల్‌లో కొట్టినవీ కలిపి, 4000 అని రాసి ఉన్న నాణేన్ని జనం 4800కి ఇచ్చిపుచ్చుకున్నారు. ఇంగ్లండులో దాన్నే మోయిడోర్ అన్నారు, 27 షిల్లింగులు.

వరహా_విశాఖ గారి లెక్క ఇక్కడా వేయండి. 24,000 బాకీకి ఆరు నాణేలు కాస్తా ఐదయ్యాయి. ముద్ర లేకుండానే.

1690ల్లో బ్రెజిల్‌లో బంగారం బయటపడింది. ఓడల నిండా కొత్త బంగారం వస్తున్నప్పుడు పాత నాణెం మీద సుత్తి పట్టుకుని కూర్చునే అవసరం పోయింది. ముద్రలు పడిన పాతవి చాలా వరకు కరిగిపోయి కొత్త మోయెదాలయ్యాయి. మిగిలినవి అందుకే అరుదు.

లిస్బన్_వాసి

బుధవారం వెళ్లొచ్చాను. అందరికీ చెప్పాలి.

ముందు ప్రొద్దుటూరు అన్న చెప్పినట్టు తిప్పి చూశాను. 4000కి సరిగ్గా వెనకాల, శిలువ వైపు అంచున మూడు అక్షరాలు నలిగి ఒకే మరకలా ఉన్నాయి. గుంట ఒడ్డు గోటికి తగిలింది. భూతద్దంలో అంకెల మధ్య డాలు గీత ఒకటి అణిగి, తెగకుండా అవతలికి వెళ్లింది. చేతులు వణికాయి.

తర్వాత టంకశాల గారి మాట గుర్తొచ్చి అంచు మొత్తం చుట్టూ చూశాను. మొదటిసారి మట్టి అనుకున్న ఒక చిన్న మచ్చ ఉంది. దీపం దగ్గరికి జరిపాను. మట్టి కాదు. మెంతిగింజంత గోళం, దాని మీద కిరీటం. అంచు వెంట సన్నని పూసల వరస, ఒకచోట మాత్రం అరిగిపోయింది. అంటే ఈ నాణెం తండ్రి జోవావ్ కాలంలో పుట్టి, కొడుకు అఫోన్సో కాలంలో 4000 అనిపించుకుని, చిన్నకొడుకు పెద్రో కాలంలో అంచు కట్టించుకుంది.

పక్కనున్న పెద్దాయన నా మొహం చూసి ఏమిటని అడిగారు. చూపించాను. ఆయన ఇంకొకరిని పిలిచారు.

గురువారం పాటలో నా స్తోమత మూడో పిలుపు దగ్గరే ఆగిపోయింది. ఫోన్‌లో ఎవరో దక్కించుకున్నారు. కేటలాగులో మాత్రం ఇప్పటికీ 4000 ముద్ర ఒక్కటే రాసి ఉంది.

గీటురాయి_ప్రొద్దుటూరు

పోతే పోయిందిలే తమ్ముడూ. ఆ మూడు అక్షరాలు ఏవి నలిగాయో గుర్తుంటే చెప్పు. దెబ్బ ఏ పక్క నుంచి పడిందో చూద్దాం.

లిస్బన్_వాసి

శిలువ చుట్టూ ఉన్న లాటిన్ రాతలో సిగ్నో (SIGNO) అనే మాటలో చివరి మూడు అన్నా. మొదటి రెండు అక్షరాలు నిలిచి ఉన్నాయి, తర్వాతవి కుడివైపుకి వాలినట్టు నలిగాయి.

గీటురాయి_ప్రొద్దుటూరు

అయితే అచ్చు నిటారుగా నిలబెట్టలేదు, ఒక పక్కకి ఒరిగింది. రోజుకి వందలు కొట్టే చేయి అలాగే ఉంటుంది.